పదమూడు ఏడ్ల తొంభై రెండు

మొన్న ఒక పనిమీద బ్యాంకుకు పోయింటి. లాకరు గది కాడ నిలబడి, తలుపు మీద చెయ్యి పెట్టి, "తీస్తాండా!" అని గట్టిగా అరిస్తి. లోపల ఎవురూ లేరు. తాళంచెవుల గుత్తి పట్టుకొని నా పక్కనే ఉన్న బ్యాంకు పాప ఉలిక్కిపడి, "ఎవరికి చెప్తున్నారు ఆంటీ?" అనింది. ఏమని చెప్పేది? "ఊరికేలే పాపా, అలవాటు" అంటి. లోపలికి పోయినాక నవ్వు ఆగలేదు. ఒక్కదాన్నే కిసకిస నవ్వుకుంటాంటే ఆ పాప నన్ను ఒక తీరుగా చూసి బయటికి పోయింది.

ఆ అలవాటు నాది కాదు. మా మామది. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు, మా పక్క వయసులో పెద్దోళ్లను అట్లనే పిలుస్తాం. ప్రొద్దుటూరు బట్టల బజారులో నాది లేడీస్ టైలర్ షాపు, ఆయప్పది ఫోటో స్టూడియో. రెండిటికీ నడాన ఒకటే గోడ. నా మిషను ఆగితే ఆయప్పకు తెలిసేది, ఆయప్ప దగ్గితే నాకు తెలిసేది. ఆయప్ప పోయి ఇంగా ఏడాది నిండలేదు. మనిషి పోయినాడు గానీ ఆ మాట మాత్రం నా నోట్లో కాపురం పెట్టింది.

నలభై ఏండ్లు చీకటిగదిలో ఫిల్ములు కడిగిన మనిషి. ఫిల్ము కడిగేటప్పుడు ఎవురన్నా చెప్పకుండా తలుపు తీసినారంటే, వెలుతురు పడి ఒక పెండ్లి పెండ్లే పాయె. అందుకని ఆయప్ప ఏ తలుపు తీసినా ముందు "తీస్తాండా!" అని అరిచి, మూడు దాకా లెక్కబెట్టి, అప్పుడు తీసేవాడు. చీకటిగది ఒక్కటైతే సరే అనుకోవచ్చు. ఇంటి తలుపూ అంతే, బీరువా తలుపూ అంతే. ఫ్రిజ్ కాడ కూడా అరిస్తే మా అత్త, అంటే ఆయప్ప పెండ్లాం, "లోపల ఎవురుండారని అరుస్తావయ్యా, వంకాయలు చీర మార్చుకుంటాండాయా?" అని కసురుకునేది.

ఒకసారి జ్వరమొస్తే డాక్టరు కాడికి పోయి, గది తలుపు ముందర "తీస్తాండా!" అన్నాడంట. లోపల డాక్టరు ఎవురినో చూస్తాండి, "తీయొద్దు!" అన్నాడంట. అంతే, జ్వరంతో అర్ధగంట బయట నిలబడినాడు. ఇంటికొచ్చి అందరికీ సంతోషంగా చెప్పినాడు. "శానా మంచి డాక్టరు. అడిగితే జవాబు చెప్తాడు" అని.

నేను ఆయప్పను మొదట చూసింది నా పెండ్లిలోనే. మా పుట్టిల్లు పులివెందుల. ఫోటోలు తీసేదానికి మా అత్తగారోళ్లు ప్రొద్దుటూరు నుంచి పిల్చుకొచ్చినారు. గ్రూపు ఫోటో కాడ గలాటా అయింది. నడిమధ్య కుర్చీలో మా పెదనాయన కూర్చోవాల్నా, మగపెండ్లోళ్ల చిన్నాయన కూర్చోవాల్నా అని. మాటా మాటా పెరిగింది. మా పెదనాయన తువ్వాల దులిపి భుజానేసుకున్నాడంటే ఇంగ లేచిపోతాడని అర్థం. నేను పీటల మీద కూర్చొని ఏడుపు ముఖం పెట్టినా. మామ కెమెరా ఆడ పెట్టి, నిమ్మళంగా వచ్చి, ఒక్కొక్క కుర్చీ ఎత్తుకొనిపోయి గోడ పక్కన పెట్టినాడు. ఉన్న కుర్చీలన్నీ తీసేసి, "ఇప్పుడు అందరూ నిలబడండప్పా, పిల్లకు ఆకలైతాంది" అన్నాడు. ఆ ఒక్క ఫోటోలోనే కాబోలు, మా రెండిండ్లోళ్లు ఒకే ఎత్తులో నిలబడింది. ఇప్పటికీ అది మా ఇంటి గోడకుంది.

సెల్లులు వచ్చినాక అందరూ ఫోటోగ్రాఫర్లే అయిపోయిరి. మామ కూడా ముందరి గదిలో కంప్యూటరు పెట్టుకొని, పాస్‌పోర్ట్ ఫోటోలు తీసుకుంటా బతికినాడు. కొందరు పాత ఫోటోగ్రాఫర్లు కంప్యూటర్ను తిట్టేవాళ్లు గానీ ఈయప్ప ఎప్పుడూ తిట్టలేదు. "అది అన్నం పెడ్తాంది పాపా, అన్నం పెట్టేదాన్ని ఎందుకు తిట్టాల?" అనేవాడు. అంతటితో ఊరుకున్నాడా? ఊరుకోలేదు. వెనక చీకటిగది అట్లనే పెట్టుకొని, బయట ఒక అట్టముక్క కట్టినాడు: "ఈడ ఫిల్ము కడగడం నేర్పబడును. తొందర ఉన్నోళ్లు రావద్దు."

బజారంతా నవ్వింది. నేనూ నవ్వినా. "మామా, ఇప్పుడు ఎవురికి కావాలది? నేను లంగాఓణీలు కుట్టడం నేర్పుతానని బోర్డు పెట్టినట్ల ఉండాది" అంటి.

"లంగాఓణీలు మళ్లీ వచ్చినాయి గదా?" అన్నాడు. అవును, నిజమే. ఆ ఏడాది నేను కుట్టిందంతా అవే.

నిజంగానే వచ్చినారు పిల్లోళ్లు. ఇంజనీరింగు చదివేటోళ్లు, తాత కెమెరా అటక మీద దొరికిందని ఒకడు, సెల్లులో వీడియో చూసి ఆశపడి ఒకడు. వస్తానే "అంకుల్, ఎంతసేపట్లో అయిపోతాది?" అని అడిగేవాళ్లు. "తొందరుంటే సెల్లు ఉంది, పో" అనేవాడు. కోపంగా కాదు, సుబ్బరంగా నవ్వుతా అనేవాడు. సగంమంది పొయ్యేవాళ్లు. మిగిలినోళ్లకు మొదట తాగేదానికి బోరునీళ్లు ఇచ్చి, ఫిల్ముకు మినరల్ వాటర్ పోసేవాడు. మా ఊరి బోరునీళ్లు ఉప్పు, ఫిల్ము మీద తెల్లమచ్చలు పడ్తాయి. "మనకు మచ్చలు పడితే పడనీ, దానికి పడగూడదు" అనేవాడు. ఎండాకాలం వస్తే ఇంగా కత. ఫిల్ము కడిగే మందు చల్లగా ఉండాల. మా ఎండకు అది టీ మాదిరి కాగుతాది. నన్నారి షర్బత్ అంగడి నుంచి ఐసు గడ్డ తెప్పించి మందు డబ్బా చుట్టూ పెట్టేవాడు. మందుకు చల్లగా ఐసు, మాకు ఉడుకు గాలి.

అన్నిటికన్నా పెద్ద వింత ఎక్కాలు. మామూలుగా ఫిల్మును చీకట్లో డబ్బాలో పెట్టి మూతేస్తే, ఆమైన లైటేసుకోవచ్చంట. మామ డబ్బా మూత పగిలి ఎన్నో ఏండ్లయింది. కొత్తది కొనడు. "చీకటి ఉండగా మూతెందుకు?" అంటాడు. అందుకని మొదట్నుంచి చివరిదాకా అంతా చీకట్లోనే. గడియారం కనపడదు. సెల్లు తీస్తే ఫిల్ము పాయె. కాబట్టి టైము ఎట్ల తెలియాల? రెండో ఎక్కం మొదలుపెట్టి మందు పోసేది, పదమూడో ఎక్కం అయిపోతానే పారబోసేది. ఒకటే రాగం, ఒకటే వేగం. పిల్లోళ్లంతా వెనక పాడాల. గోడ అవతల నా మిషను కాడికి ఇనపడేది: "ఏడు ఎనిమిదుల యాభై ఆరు... ఏడు తొమ్మిదుల అరవై మూడు..." ఒకసారి ఎవురో తల్లి తన కొడుకును చెయ్యిపట్టుకొని ఈడ్చుకొచ్చి, "ఈడ లెక్కల ట్యూషన్ బాగా చెప్తారంట గదన్నా, వీన్ని చేర్చుకోండి" అని కూర్చునింది. మామ చేర్చుకున్నాడు కూడా. ఆ పిల్లోడు పది దినాల్లో ఎక్కాలన్నీ నేర్చుకొని, ఫిల్ము ముఖం కూడా చూడకుండా పోయినాడు.

పదమూడో ఎక్కంలో మాత్రం ఒక కత ఉండాది. "పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది" దాకా బాగా పొయ్యేవాడు. "పదమూడు ఏడ్ల తొంభై రెండు" అనేవాడు. ప్రతిసారీ తొంభై రెండే. అని, నాలుక కరుచుకొని, "చ్చ్, కాదు కాదు" అని ఆగి, ఆ కత చెప్పేవాడు. మూడో తరగతిలో ఉన్నప్పుడు అయ్యవారు ఇదే అడిగినాడంట, ఈయన తొంభై రెండు అన్నాడంట. అయ్యవారు చింతబరిక తెప్పించి, ఈయన చేతనే ఆకులు దూయించి, చేతిమీద ఒకటేసినాడంట. ఆమైన ఇంగొకటి కూడా ఏసినాడంట. "రెండోది ఎందుకయ్యవారూ?" అని ఏడిస్తే, "ఒకటి ఎక్కువ చెప్తివి గదరా, ఒకటి ఎక్కువ తిను" అన్నాడంట. ఈ కత చెప్పి, తనే పకపక నవ్వి, "తొంభై ఒకటి" అని సరిచేసి, ముందుకు పొయ్యేవాడు. రోజుకు రెండుసార్లు ఫిల్ము కడిగితే రెండుసార్లూ చెప్పేవాడు. ఒక్క మాట మారేది కాదు.

ఒక దినం మధ్యాహ్నం నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఉత్తప్పుడు వస్తే రైకల కాడ నిలబడి రంగులు చూస్తాడు, ఆ పొద్దు చూడలేదు. "పాపా, కరెంటు పోయినప్పుడు నువ్వు సూదిలో దారం ఎట్ల ఎక్కిస్తావ్?" అని అడిగినాడు.

"ఎట్లనో ఎక్కిస్తా. వేళ్లకు తెలుస్తాది. కండ్లతో పనేముంది?" అంటి.

రెండు చేతులూ ముందరికి చాపినాడు. వణుకుతాండాయి. అన్నం తినేటప్పుడు రవంత వణుకుతాయని నాకు తెలుసు గానీ ఇంత అని తెలీదు. చీకట్లో ఫిల్మును ప్లాస్టిక్ చక్రానికి చుట్టేటప్పుడు ఒక వరస మీద ఇంగొక వరస పడితే, అతుక్కొని ఫోటోలు పోతాయి. ఆ వారంలో నాలుగు ఫిల్ములు పోగొట్టినాడంట. పిల్లోళ్లతో ఫిల్మే బాగలేదని అబద్ధం చెప్పినాడంట. "చేతులు వణికేటోడు చేతిపని ఏం నేర్పుతాడు అంటారు గదా పాపా" అన్నాడు. జన్మలో ఆయప్ప ముఖం అంత చిన్నదిగా ఎప్పుడూ చూడలేదు. "నా చేతులుండాయి గదా మామా, నేర్పు" అంటి. ఏదో ఓదార్పుకు అన్న మాట. ఆయప్ప పట్టుకున్నాడు.

ఆరు నెలలు నేర్పినాడు. మొదటి వారం ఫిల్ము ఇయ్యనేలేదు. చీకటిగదిలో కూర్చోబెట్టి చెనిక్కాయలు వలవమన్నాడు. పొట్టు ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో. తప్పు గిన్నెలో పడితే మళ్లీ మొదలు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని, ఆ వయసులో ఎక్కాలు మళ్లీ నేర్చుకున్నా. రైక కొలతలు తీసుకుంటా "పన్నెండు మూళ్ల ముప్పై ఆరు" అంటాంటే, వచ్చినామె "నాది ముప్పై నాలుగే గదక్కా" అని బెదురుకునేది.

ఒక పొద్దు నేను ఒక్కదాన్నే మొదట్నుంచి చివరిదాకా ఫిల్ము కడిగినా. ఎక్కాలన్నీ తప్పు లేకుండా చెప్పినా. లైటేసి చూస్తే ఫిల్ము పల్చగా, మనుషులు దయ్యాల మాదిరి వచ్చినారు. మామ ఆ ఫిల్మును కిటికీకి పెట్టి చూసి, గడ్డం గోక్కొని, "పదమూడు ఏడ్ల ఎంత చెప్పినావ్?" అన్నాడు.

"తొంభై ఒకటి."

"అదే తప్పు."

"తొంభై ఒకటే గదా మామా!"

"లెక్కకు తొంభై ఒకటే. ఫిల్ముకు తొంభై రెండు. ఆ కతకు ఒక నిమిషం పైన పడ్తాది పాపా. నలభై ఏండ్లుగా ఆ నిమిషం కలుపుకొనే ఈ మందు కుదిరింది. కత ఎగరగొడ్తే ఫిల్ము పచ్చిగా దిగుతాది."

ఇన్నేండ్లూ ముసలాయన ఊరికే వదురుతాండాడనుకుంటి.

ఆ సమయానికే స్టూడియో గది ఓనరు వచ్చి, ఉగాదికి ఖాళీ చెయ్యమన్నాడు. పక్కన వాళ్ల నగల అంగడి పెద్దది చేసుకోవాలంట. మంచి మాటలతోనే చెప్పినాడు. మామ ముందరి గది కంప్యూటరు ఇంటికి తీసుకుపోతే జరిగిపోతాది. చీకటిగది సామాను మాత్రం ఏ ఇంట్లో పెడ్తాం? ఫోటో పెద్దది చేసే ఆ పాత ఇనప మిషను, ట్రేలు, డబ్బాలు... పాత ఇనుమోనికి ఏయడం తప్ప దారి లేదు. అప్పుడే జమ్మలమడుగులో ఒక కాలేజీ ప్రిన్సిపాల్ మేడం, మామ దగ్గర నేర్చుకున్న పిల్లోని ద్వారా విని, కబురు పంపింది. ఆమె కోస్తా మనిషి, ఫోటోలంటే ఇష్టం. కాలేజీలో ఒక గది ఖాళీగా ఉంది, సామానంతా పెట్టుకోవచ్చు, శనివారం శనివారం వచ్చి పిల్లోళ్లకు నేర్పాల. అయితే ముందు ఒకసారి వచ్చి, అందరి ముందరా ఒక ఫిల్ము కడిగి చూపించమనింది.

మామ సంతోషంతో రెండు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. మూడో దినం నా షాపులోకి వచ్చి, గొంతు తగ్గించి, "చీకట్లో ఎవురి చేతులని ఎవురికి తెలుస్తాది పాపా?" అన్నాడు. నాకు అర్థమైంది. మాట ఆయప్పది, చేతులు నావి. నన్ను సంచి మోసే మనిషని చెప్తాడు. లైటు తీసేసినాక నేను ఆయప్ప ముందరికి వచ్చి పని చేస్తా, అయిపోతానే వెనక్కి పోతా.

ఒకసారి షాపులో చేసి చూస్తే అంతా బాగుంది గానీ నా మట్టిగాజులు గలగలమంటాండాయి. "ఆ గాజులు తీసేయ్ పాపా" అన్నాడు.

"ఏం మాట్లాడతాండావ్ మామా? మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు, బోడి చేతులేసుకొని జమ్మలమడుక్కు వస్తానా?" అని కయ్యిమంటి.

"తప్పు తప్పు" అని రెండు చెంపలూ ఏసుకున్నాడు. ఆమైన ఇద్దరమూ ఆలోచించి, రైకలకేసే నీలిరంగు లైనింగు పీలికలు గాజుల చుట్టూ బిగించి కట్టినాం. చప్పుడు పోయింది. చేతులు మాత్రం దెబ్బలు తగిలి కట్టుకట్టినట్ల కనపడినాయి.

చూపించాల్సిన పొద్దు ఇద్దరమూ జమ్మలమడుగు బస్సెక్కినాం. కాలేజీకి పోయినాక మామ ముందు పిల్లోళ్లను మెట్ల మీద కూర్చోబెట్టి, ప్రిన్సిపాల్ మేడంను నడాన నిలబెట్టి, వాచ్‌మన్‌ను కూడా పిలిచి, ఫోటోలు తీసినాడు. కెమెరా మెడకు తగిలించుకొని గోడకు ఆనుకొని తీసినాడు, చేతులు కదలకుండా. ఆమైన కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలోకి పదిమంది పిల్లోళ్లు, మేడం, మేమిద్దరం పోయినాం. "తలుపేస్తాండా!" అని అరిచి, లైటు తీసేసినాడు.

చీకటి పడ్తానే మామ గొంతు మారిపాయె. వెలుతురులో నీళ్లు నమిలే మనిషి, చీకట్లో పెండ్లికొడుకు. "చూడండప్పా, చూసేదేముంది, ఇనండి. ఇప్పుడు ఫిల్మును చక్రానికి ఎక్కిస్తాండా" అంటాండాడు. ఎక్కిస్తాండేది నేను. సుబ్బరంగా ఎక్కింది. మందు పోసినా. రెండో ఎక్కం మొదలాయె. పిల్లోళ్లు మొదట నవ్వి, ఆమైన వాళ్లూ అందుకున్నారు. నేను చక్రాన్ని మందులో ఆడిస్తాండా. ఆరో ఎక్కం కాడ నా పీలికలు కొన్ని తడిసి, ముడి జారి, మందులోకి పడిపోయినాయి. గల్లుమనింది.

ఎవుడో కిసుక్కున నవ్వినాడు. నేను చెయ్యి ఆపితే ఫిల్ము చెడ్తాది. ఆడిస్తే గాజులు మోగుతాయి. ఆడించినా. గల్, గల్, గల్.

"సార్, ఒక్క నిమిషం" అనింది మేడం. "ఆ గాజుల చప్పుడు ఎవరిదండీ?"

చీకట్లో మామ ఊపిరి నాకు ఇనపడింది. "మేడం, ఇప్పుడు లైటేస్తే ఫిల్ము పాయె. పదమూడో ఎక్కం దాకా ఓర్చుకోండి. ఆమైన తిట్టేది తిట్టండి" అన్నాడు. "ఆరు ఏడ్ల నలభై రెండు..." అని మొదలుపెట్టినాడు. ఇంగ ఆ గొంతులో రాగం లేదు. పిల్లోళ్లు కూడా పాడడం ఆపేసినారు. ఒక్క మామ గొంతు, నా గాజులు. పట్టుబడిన దొంగలు ఇద్దరూ దొంగతనం సగంలో ఆపకుండా ముగిస్తాండారు, ఏం చేస్తారు మరి. నాకు ఏడుపొస్తాంది, నవ్వూ వస్తాంది.

పదమూడో ఎక్కం వచ్చింది. "పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది. పదమూడు ఏడ్ల తొంభై ఒకటి. పదమూడు ఎనిమిదుల నూట నాలుగు..."

జన్మలో మొదటిసారి సరిగ్గా చెప్పినాడు! భయంతో, సిగ్గుతో, కత మర్చిపోయినాడు. ఇంగ రెండు మాటలైతే మందు పారబోయమంటాడు. పారబోస్తే ఫిల్ము పల్చగా వస్తాది. చేతులు ఎవురివైనా సరే, ఫిల్మే రాకపోతే ఇంగ ఏముంది? సామానంతా పాత ఇనుముకే. నేను గొంతెత్తకుండా ఉంటే, గాజులే గదా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చునేమో. గొంతెత్తితే ఇంగ దాచేదానికి ఏమీ ఉండదు.

"మామా, తప్పు" అంటి గట్టిగా. "తొంభై రెండు."

"కాదండీ, తొంభై ఒకటే" అనింది మేడం చీకట్లోనుంచి.

"లెక్కకు తొంభై ఒకటే మేడం. ఫిల్ముకు తొంభై రెండు" అని, చక్రం ఆడిస్తానే, ఆ కత నేను మొదలుపెట్టినా. మూడో తరగతి, అయ్యవారు, చింతబరిక, ఆకులు దూయించడం. ఒక్క మాట మార్చలేదు. చివరికొచ్చేసరికి మామ ఉండబట్టలేక తనే అందుకున్నాడు: "ఒకటి ఎక్కువ చెప్తివి గదరా, ఒకటి ఎక్కువ తిను!" అని, ఎప్పటి మాదిరే పకపక నవ్వినాడు. పిల్లోళ్లూ నవ్వినారు. పదమూడు పదుల నూట ముప్పై. మందు పారబోసి, ఫిల్మును నిలబెట్టే మందులో ముంచి, అది పట్టినాక లైటేసినాం.

అందరూ నా చేతుల వైపు చూసినారు. తడిసిన నీలిపీలిక ఒకటి ఇంగా యాలాడతాండాది. మామ చేతులు వెనక్కి పెట్టుకొనున్నాడు. ముందరికి తీసి మేడంకు చూపించినాడు. "ఇవి మేడం నా చేతులు. పనికిరావు. ఈ పాప చేతులు నావని చెప్పి మిమ్మల్ని మోసం చేసినా" అన్నాడు. నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

మేడం ఫిల్మును ఎత్తి కిటికీకి పెట్టి చూసింది. మెట్ల మీద కూర్చున్న ప్రతి పిల్లోడూ పండ్లు లెక్కబెట్టుకునేటంత బాగా వచ్చినాడు. వాచ్‌మన్ మీసాలు కూడా వచ్చినాయి. "సార్, ఈవిడకి ఇదంతా ఎవరు నేర్పారు?" అని అడిగింది.

"నేనే మేడం."

"ఎన్నాళ్లలో?"

"ఆరు నెలలు."

"మరి నేను మిమ్మల్ని పిలిచింది నేర్పడానికే కదండీ. చెయ్యడానికి కాదుగా" అనింది. "శనివారాలు ఇద్దరూ రండి. మీరు మాత్రం గాజులకి గుడ్డలు కట్టకండి, చీకట్లో మీరెక్కడున్నారో తెలియాలి కదా."

బయటికొచ్చేటప్పుడు మామ "తీస్తాండా!" అని అరిచిన అరుపుకు కాలేజీ మేడ మీది పావురాలన్నీ లేసిపోయినాయి.

రెండేండ్లు పోయినాం. ప్రతి శనివారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సు. మామ మాట్లాడేవాడు, నేను చేసేదాన్ని. పిల్లోళ్లు నన్ను గాజుల మేడం అన్నారు. తొంభై రెండు కాడికి వచ్చేసరికి కతంతా వాళ్లూ నోటికి నేర్చుకున్నారు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అన్నం తిని, పడుకొని, మళ్లీ లేయలేదు మామ. ఎవురికీ చెప్పకుండా తలుపు తీసింది ఆయప్ప జన్మలో అదొక్కటే. అత్త ఆ మాటే అని ఏడ్చింది. నేనూ ఏడ్చినా. ఆ వారం షాపు తెరవలేదు.

రెండు శనివారాలు ఎగరగొట్టి, మూడో శనివారం ఒక్కదాన్నే పోయినా. ఒక ఏర్పాటు చేసుకొని పోయినా. ఆ కత చెప్పడం నా వల్ల కాదు. అందుకని ఇంట్లో సెల్లు గడియారం పెట్టుకొని చూసుకున్నా. కత బదులు పద్నాలుగో ఎక్కం ఒకటి, పదిహేనోది రవ్వంత చెప్తే సమయం సరిపోతాది. ముప్పై ఏండ్ల కింద లెక్కల్లో తప్పినదాన్ని, మూడు దినాలు కూర్చొని ఆ రెండెక్కాలు నేర్చుకున్నా.

లైటు తీసేసినా. మందు పోసినా. రెండో ఎక్కం నుంచి పిల్లోళ్లు నాతో పాడినారు. గాజులు మోగుతాండాయి. పదమూడో ఎక్కం వచ్చింది. "పదమూడు ఏడ్ల తొంభై ఒకటి" అని గబగబా దాటేసి, "పదమూడు ఎనిమిదుల..." అంటి.

నా గొంతు ఒక్కటే ఇనపడింది. పిల్లోళ్లు పాడడం ఆపేసినారు. మూలలోనుంచి ఒక ఆడపిల్ల, "మేడం, తప్పు" అనింది.

"తప్పు లేదు పాపా. ఇయ్యాల్టి నుంచి పద్నాలుగో ఎక్కం కూడా చెప్తాం, సమయం సరిపోతాది" అంటి.

"మాకు పద్నాలుగు రాదు మేడం" అన్నాడు ఇంగొకడు. రాకపోయేదేముంది, వానికి లెక్కల్లో నూటికి నూరు. "మాకు తొంభై రెండే వస్తాది."

నేను చెయ్యి ఆడిస్తానే ఉండా. ఆ పదిమందీ, నాలుకలు కరుచుకున్న చప్పుడు ఒకేసారి ఇనపడేటట్ల, "చ్చ్, కాదు కాదు" అని మొదలుపెట్టినారు. మూడో తరగతి. అయ్యవారు. చింతబరిక. ఆకులు దూయించడం. ఒక్క మాట మారలేదు. ఆయప్ప ఆగే కాడ ఆగినారు, ఆయప్ప దగ్గే కాడ దగ్గినారు కూడా. "ఒకటి ఎక్కువ చెప్తివి గదరా, ఒకటి ఎక్కువ తిను!" అని అందరూ పకపక నవ్వినారు. చీకట్లో నా ముఖం ఎవురికీ కనపడలేదు, అదొక అదృష్టం.

తొంభై ఒకటి, నూట నాలుగు, నూట పదిహేడు, నూట ముప్పై. మందు పారబోసినా. ఫిల్ము శానా బాగా వచ్చింది.